ఘంటసాల రేవు, సూర్యారావుపేట బోర్డులు

విజయవాడ సూర్యారావుపేటలో ఏ సందు తిరిగినా డాక్టర్ల బోర్డులే. ఎండోక్రైనాలజీ, హెమటాలజీ, డయాలిసిస్, ఆర్థోపెడిక్స్, పీడియాట్రిక్స్. నాగాయలంక నుంచో కైకలూరు నుంచో తెల్లారకుండా బస్సెక్కి, పాత రిపోర్టుల కవరు చంకలో పెట్టుకుని వచ్చిన మనిషి ఆ బోర్డులన్నీ దాటుకుంటూ పోయి, మందుల షాపు దగ్గర ఆగి, "షుగరు డాక్టరు గారు ఎక్కడండీ?" అని అడుగుతాడు. బోర్డు నెత్తిమీదే ఉంటుంది. అది తన కోసం రాసిందని అతను అనుకోడు.

ఆ మాటల్ని మనం ఇంగ్లీషు మాటలనేస్తాం. నిజానికి వాటిలో చాలాభాగం గ్రీకు. ముందు తగిలించిన ఎండో, డయా, ఎపి, హైపర్, హైపో, పెరి, సిన్, ఆంటి, ఇవన్నీ గ్రీకు ఉపసర్గలు. ఇంగ్లీషు వైద్యంతోపాటు అవి మన దగ్గరికి వచ్చాయనీ, అంతకుముందు ఈ డెల్టాలో వాటి చప్పుడే లేదనీ అందరి నమ్మకం. నేను జీవితమంతా జువాలజీ పాఠాలు చెప్పినదాన్ని. ఈ నమ్మకం తప్పని నాకు చెప్పింది ఏ సైన్సు పుస్తకమూ కాదు, మా అమ్మానాన్నల పెళ్ళి కుదిర్చిన జాతకాల కట్ట.

మా తాతయ్య, అమ్మ వాళ్ళ నాన్న, చల్లపల్లి దగ్గర పల్లెలో జాతకాలు రాసేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో బిడ్డ పుడితే పుట్టిన వేళ చీటీ మీద రాసుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు ఆయన చక్రం గీస్తుంటే పక్కన కూర్చునేదాన్ని. "ఒకటి, నాలుగు, ఏడు, పది కేంద్రాలమ్మాయ్. రెండు, అయిదు, ఎనిమిది, పదకొండు పణఫరాలు. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు ఆపోక్లిమాలు." ఇది ఆయన గొంతులో మంత్రంలా సాగేది. పణఫరమంటే ఏమిటి తాతయ్యా అని అడిగితే, "శాస్త్రంలో అలా ఉంది" అనేవారు. సంస్కృతం బాగా వచ్చిన మనిషి. ఏ మాటకైనా ధాతువు చెప్పి, ప్రత్యయం చెప్పి, విడదీసి చూపించకుండా వదిలేవారు కాదు. పణఫరం దగ్గరా ఆపోక్లిమం దగ్గరా మాత్రం ఆగిపోయేవారు. అవి పాణిని సూత్రాలకి లొంగే మాటలు కావని చాలా ఏళ్ళ తరవాత చదువుకుని తెలుసుకున్నాను. అప్పటికి ఆయన లేరు.

ఆపోక్లిమం గ్రీకు ఆపోక్లిమా. 'ఆపో' అంటే దూరంగా, అవతలికి. 'క్లిమా' అంటే వాలు. ఆకాశ మధ్యం నుంచీ ఉదయ బిందువు నుంచీ వాలిపోయిన ఇల్లు అన్నమాట. పణఫరం గ్రీకులో ఎపనఫోరా. 'ఎపి', 'అన' అని రెండు ఉపసర్గలు వరసగా ఉన్నాయి అందులో. ఒకదాని వెనక పైకి లేచేది అని అర్థం. మనవాళ్ళు మొదటి అక్షరం మింగేశారు. నాలుగో ఇంటికి హిబుకమని పేరు. అది హిపోగేయోన్, భూమి కింద ఉన్నది. ఏడో ఇల్లు జామిత్రం. అది డయామెట్రోన్, ఎదురుబొదురుగా అడ్డంగా కొలిచేది. పదో ఇల్లు మేషూరణం. అది మెసౌరానేమా, ఆకాశ మధ్యం. చంద్రుడికి రెండో ఇంట గ్రహముంటే సునఫా యోగమంటారే, అది సినఫే, కలయిక.

ఒక్కసారి వీటిని సూర్యారావుపేట బోర్డుల పక్కన పెట్టి చూడండి. పెళ్ళి ముహూర్తానికి పురోహితుడు చూసే జామిత్ర శుద్ధిలో ఉన్న 'డయా', కిడ్నీలు పాడైన మనిషికి చేసే డయాలిసిస్‌లో ఉన్న 'డయా' ఒకటే. ఒకచోట అడ్డంగా కొలవడం, ఒకచోట పొర గుండా వేరుచేయడం. హిబుకంలో ఉన్నదే హైపోథైరాయిడ్‌లో ఉన్న 'హైపో'. ఆపోక్లిమంలో ఉన్న 'ఆపో'యే జీవకణం తనంతట తాను రాలిపోవడాన్ని చెప్పే అపోప్టోసిస్‌లో ఉంది. మేషూరణంలోని 'మెసో'నే పిండంలో నడిమి పొరకి పేరు పెట్టిన మీసోడెర్మ్‌లో ఉంది. సునఫాలోని 'సిన్' సిండ్రోమ్‌లో ఉంది.

ఇవన్నీ మా తాతయ్య కల్పించినవి కావు, ఆయన గురువు కల్పించినవీ కావు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహజ్జాతకంలోనే ఉన్నాయి. అంతకు ముందటి యవనజాతకం పేరులోనే యవనులున్నారు. రాశులకి గ్రీకు పేర్లు కూడా వరాహమిహిరుడు వరసగా ఇచ్చాడు. మేషానికి క్రియ, వృషభానికి తావురి, మిథునానికి జితుమ, సింహానికి లేయ. కుంభరాశికి ఆయన చెప్పిన పేరు హృద్రోగం. చదివేవాడు గుండెజబ్బు అనుకుంటాడు. అసలు మాట హిడ్రోఖోస్, నీళ్ళు పోసేవాడు. హైడ్రోఫోబియా, హైడ్రోసెఫాలస్ అనే మాటల ముందున్న 'హైడ్రో' ఆ మాటలోదే. వినబడిన ధ్వనిని తమకు తెలిసిన మాటలోకి ఒదిగించుకున్నారు ఆనాటి పండితులు. గ్రీకు చెవికి అది వికారంగా తోచవచ్చు. నాకు మాత్రం అందులో ఒక చొరవ కనిపిస్తుంది. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వాళ్ళ దగ్గర ఉంది గనక ఋషులతో సమానంగా గౌరవించాల్సినవాళ్ళేనని బృహత్సంహితలో ఆయనే అన్నాడు. పరాయి మాట తీసుకున్నందుకు సిగ్గుపడలేదు, దాచుకోలేదు. పద్నాలుగు వందల ఏళ్ళు ఆ మాటలు గురువు నుంచి శిష్యుడికి అందుతూ కృష్ణా డెల్టాలో మట్టిగోడల ఇళ్ళలోకి కూడా వచ్చాయి.

ఈ శాస్త్రం మన దేశానికి పడమటి తీరం మీదుగా, ఉజ్జయిని వైపు నుంచి వచ్చింది. మన తూర్పు రేవుల్లో దిగలేదు. అయినా గ్రీకువాళ్ళకి మన రేవులు తెలియనివి కావు. మా తాతయ్య ఊరికి కూతవేటు దూరంలో ఘంటసాల ఉంది. ఇప్పుడక్కడ బౌద్ధ స్తూపం మిగులు, చిన్న మ్యూజియం, చుట్టూ వరిచేలు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ తన భూగోళ గ్రంథంలో మైసోలియా అనే తీరాన్ని, మైసోలోస్ అనే నదిని రాశాడు. ఆ నది కృష్ణేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ తీరంలో కొంటకోస్సిల అనే వర్తక రేవు ఉందన్నాడు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శాసనంలో కనిపించే కంటకసెల అదే, నేటి ఘంటసాల అదే. అక్కడికి కాస్త ఎగువన, బంగారు ద్వీపకల్పానికి పోయే ఓడలు తీరం విడిచిపెట్టే చోటు ఒకటి గుర్తించి, దాన్ని 'అఫెటేరియోన్' అని రాశాడు. వదిలి పంపే చోటు అని. ఆ మాట ముందున్నది 'ఆపో'యే, తరవాతి అచ్చులో ఊపిరి కలిసి 'అఫ్' అయింది.

ఇదే టాలెమీ జ్యోతిషం మీద టెట్రాబిబ్లోస్ అనే గ్రంథం కూడా రాశాడు. కేంద్రాలు, వాటి వెనక లేచే ఇళ్ళు, వాలిపోయే ఇళ్ళు అందులోనూ ఉన్నాయి. ఘంటసాలకు దగ్గర్లో కూర్చుని ఆపోక్లిమమని చదివిన మా తాతయ్యకి, ఘంటసాల పేరు గ్రీకులో రాసిన మనిషే ఆ మాటా వాడాడని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత సంబరపడేవారో.

రెండోసారి గ్రీకు వచ్చింది మద్రాసు మెడికల్ కాలేజీ మీదుగా, బందరు మీదుగా. పట్టాభి సీతారామయ్యగారిని మనం కాంగ్రెసు నాయకుడిగానూ ఆంధ్రా బ్యాంకు పెట్టిన మనిషిగానూ గుర్తుపెట్టుకున్నాం. ఆయన మొదట డాక్టరు, బందరులో ప్రాక్టీసు పెట్టిన ఎం.బి.సి.ఎం. ఆ తరం డాక్టర్లకి కొత్త ఇబ్బంది ఒకటి ఎదురైంది. చదివింది గ్రీకు లాటిన్ మాటలు నిండిన ఇంగ్లీషులో, రోగితో మాట్లాడాల్సింది తెలుగులో, నాలుగు ముక్కలు పత్రికలో రాయాలంటే వాడాల్సింది గ్రాంథికంలో.

ఈ ఇబ్బందికి మొదట నడుం కట్టింది మన జిల్లా మనిషి కావడం నాకు గర్వంగా ఉంటుంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1877లో పెనుగంచిప్రోలులో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోతే అక్క భండారు అచ్చమాంబ తన దగ్గర పెట్టుకుని చదివించింది. 1906లో ఆయనా మిత్రులూ హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. తరవాత అది మద్రాసుకు మారింది. ఆ మండలి చరిత్రలూ నవలలే కాక సైన్సు పుస్తకాలు వేసింది. మంత్రిప్రగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానం, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనం, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రం తెలుగులో వచ్చాయి. తరవాత లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. అది మూడు సంపుటాల దగ్గర ఉండగా 1923లో, నలభయ్యారేళ్ళకే పోయారు. విజ్ఞాన సర్వస్వం పనిని మళ్ళీ పట్టుకున్నది ఎలకుర్రు మనిషి కాశీనాథుని నాగేశ్వరరావుగారు. ఒకే జిల్లా మనుషులు ఈ బరువంతా మోశారు.

నాగేశ్వరరావుగారి పేరు వచ్చింది గనక ఒక మాట. 1893లో బొంబాయిలో ఆయన మొదలుపెట్టిన తలనొప్పి మందు అమృతాంజనం పేరు చూడండి. అమృతం అంటే మృతం కానిది, చావు లేనిది. గ్రీకు దేవతల ఆహారం ఆంబ్రోసియా. అందులోనూ ముందు నిషేధార్థక 'అ', వెనక చావుకి సంబంధించిన ధాతువు. రెండూ ఒక్క తల్లి బిడ్డలు. పసుపుపచ్చని ఆ సీసా లేని ఇల్లు డెల్టాలో నాకు తెలియదు.

ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. 1786 ఫిబ్రవరిలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలన్నాడు. ఆ చుట్టరికం ఉపసర్గల్లో ఎంత స్పష్టంగా ఉందో మరెక్కడా లేదు. గ్రీకు పెరి మన పరి. హైపర్ మన ఉపరి. హైపో మన ఉప. ఆపో మన అప. ప్రో మన ప్ర. డిస్ మన దుస్. యూ మన సు. సంఖ్యలు చెప్పనే అక్కర్లేదు. ట్రై త్రి, పెంటా పంచ, హెప్టా సప్త, ఆక్టా అష్ట, డెకా దశ.

తెలుగులో ప్రాణవాయువును ఆమ్లజని అనీ, హైడ్రోజన్‌ను ఉదజని అనీ, నైట్రోజన్‌ను నత్రజని అనీ అన్నారు మన పెద్దలు. 1787లో లావోయిజే, అతని సహచరులు పారిస్‌లో రసాయనాలకి కొత్త పేర్లు పెడుతూ, నీటిని పుట్టించేది గనక హైడ్రోజెన్ అన్నారు. మన వాళ్ళు దాన్నే నీటికి 'ఉద', పుట్టించడానికి 'జని' పెట్టి కట్టారు. హైడ్రోకి ఉద చుట్టం. జెన్‌కి జన చుట్టం. అనువాదం చేస్తున్నామనుకుంటూ, వేల ఏళ్ళ కిందట విడిపోయిన అన్నదమ్ముల్ని మళ్ళీ ఒక పంక్తిలో కూర్చోబెట్టారు. క్లోరోఫిల్ పత్రహరితమైంది, ఫాస్ఫరస్ భాస్వరమైంది. నా ఉద్దేశంలో తెలుగు సైన్సు భాషలో ఇంతకంటే అందమైన పని జరగలేదు.

ఇక్కడ దాచకూడని సంగతి ఒకటుంది. ఈ చుట్టరికంలో అసలు తెలుగు లేదు. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఎల్లిస్, తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదని, తమిళ కన్నడాలతో కలిసిన వేరే కుటుంబమని నిరూపించాడు. ఆ కుటుంబంలో అన్నీ మాట వెనక చేరతాయి, ముందు చేరవు. చేశాడు, చేయడు, చేయలేడు, చేయించాడు. కాదనాలన్నా వెనకే. అచ్చతెలుగులో మాట ముందు నిలబడేవి తొలి, మలి, నడి, పెను, చిరు లాంటి విశేషణాలు. డాక్టర్లు కేసు షీటు మీద ప్రైమి అని రాసేదాన్ని మా అమ్మమ్మ తొలిచూలు అనేది. అది చక్కటి శాస్త్ర పదం, కానీ ఉపసర్గ కాదు. అంటే తెలుగు పిల్లకి గ్రీకు ఉపసర్గ ఎంత పరాయిదో సంస్కృత ఉపసర్గ పుట్టుకతో అంత పరాయిదే. తేడా ఒక్కటే. సంస్కృత ఉపసర్గని ఆ పిల్ల అమ్మ ఒళ్ళోనే నేర్చేసుకుంటుంది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అనే మాటలు రాని తెలుగువాడు ఉండడు. బెజవాడ దగ్గర కృష్ణ నీళ్ళు ఏలూరు కాలవకీ రైవస్ కాలవకీ బందరు కాలవకీ చీలినట్టు, ఒకే ధాతువు ఉపసర్గని బట్టి దారి మార్చుకుంటుందని చెప్పకుండానే వాడికి తెలుసు. ఆ తెలివి గ్రీకు మాటకీ పనికొస్తుందని ఎవరో ఒకరు చెప్పాలి. పాతికేళ్ళ పైన నేను క్లాసులో చేసింది ఇదే.

1968లో తెలుగు అకాడమి పెట్టారు. ఇంటర్మీడియట్ తెలుగులో చదువుకునే వీలు దాంతోపాటే వచ్చింది. నేను అలా చదివిన తొలి తరాల దాన్ని. ఆ పుస్తకాల్లో అకశేరుకాలు, ద్విస్తరిత జీవులు, త్రిస్తరిత జీవులు, బహిస్త్వచం, మధ్యస్త్వచం, అంతస్త్వచం. అందరూ వాటిని వెక్కిరించేవాళ్ళు, ఇప్పటికీ వెక్కిరిస్తారు. వెక్కిరించేవాళ్ళలో ఎక్కువమంది ఆ పుస్తకాలు చదవనివాళ్ళు. డిప్లోబ్లాస్టిక్ అంటే ఏమిటో అవనిగడ్డ నుంచి వచ్చిన పిల్లకి చెప్పాలి. ద్విస్తరితం అంటే చెప్పనక్కర్లేదు, రెండు పొరలని తనకే తెలిసిపోతుంది. ఎండోక్రైన్ గ్రంథి అనాలంటే వివరణ కావాలి, అంతఃస్రావక గ్రంథి అంటే లోపలికి స్రవించేదని పేరే చెబుతుంది. ఫోటోసింథసిస్‌కి కిరణజన్య సంయోగక్రియ చాంతాడంత పొడుగనేవాళ్ళకి నా జవాబు, ఆ చాంతాడులో పాఠమంతా ఉందని. పారాసైట్ అంటే గ్రీకులో ఒకరి తిండి పక్కన చేరేవాడు. మన పరాన్నజీవి అంతకంటే సూటిగా ఉంది.

అన్నీ బాగున్నాయని అనను. తెలుగు మాట చేతిలో ఉండగా సంస్కృతానికి పరుగెత్తిన చోట్ల నాకు కోపం వచ్చేది. ఉమ్మి ఉండగా లాలాజలమెందుకు? బోదకాలుకి శ్లీపదమని పేరు చెబితే ఆ జబ్బున్న మనిషికే అర్థం కాదు. మాట కట్టేవాళ్ళు రోగి పక్కన ఒక పూట కూర్చుని వినాల్సింది.

నేను క్లాసులో మొదట బోర్డు మీద అనారోగ్యం అని రాసేదాన్ని. ఆరోగ్యం లేకపోతే అనారోగ్యం. మరి శుద్ధం కాకపోతే? అశుద్ధం. ఒకచోట 'అ' ఎందుకు, ఒకచోట 'అన్' ఎందుకు? అచ్చు ముందు అన్, హల్లు ముందు అ అని ఎవరో ఒకరు పసిగట్టేవాళ్ళు. అప్పుడు పక్కన ఎసెప్టిక్, అనీమియా అని రాసేదాన్ని. గ్రీకు నిషేధార్థకానికీ అదే సూత్రం, అక్షరం తేడా లేదు. అనీమియా, అంటే రక్తం లేకపోవడం, అన్ పక్కన హైమా, హకారం జారిపోయింది. తరవాత డిసెంటరీ. డిస్ అంటే దుస్, ఎంటెరా అంటే ఆంత్రం, పేగు. విడదీస్తే దురాంత్రం అవుతుంది, చెడిన పేగు. అలాంటి సంస్కృత మాట ఎవరూ వాడలేదు, కానీ ఆ పూట నుంచి పిల్లలు డిసెంటరీ స్పెల్లింగు తప్పలేదు.

రెండు జాతులు ఒకరినొకరు చూడకుండా ఒకే జబ్బుకి ఒకే రకంగా పేరు పెట్టిన చోటు వస్తే పాఠం మరీ రుచిగా ఉండేది. డయేరియా అంటే గుండా ప్రవహించడం. మన అతిసారం మితిమీరి ప్రవహించడం. ఒకపక్క తలనొప్పిని గ్రీకు వైద్యులు హెమిక్రేనియా అన్నారు, సగం పుర్రె. అది ఫ్రెంచి నోట నలిగి మైగ్రేన్ అయింది. సుశ్రుత సంహితలో అది అర్ధావభేదకం, సగాన్ని చీల్చేది. మన ఇళ్ళలో పార్శ్వపు నొప్పి. డయాబెటిస్ దగ్గర మాత్రం మనవాళ్ళ చూపు పదునెక్కువ. గ్రీకు పేరు నీరు శరీరం గుండా దాటిపోతోందని మాత్రమే చెప్పింది. మన వైద్యులు మూత్రంలో తీపిని గుర్తించి మధుమేహమన్నారు. యూరప్‌లో థామస్ విల్లిస్ ఆ తీపిని గుర్తించి రాసింది పదిహేడో శతాబ్దంలో.

హైపర్, హైపో దగ్గర నాకు భయం. చెవికి రెండూ దాదాపు ఒకటే. అర్థాలు మాత్రం ఎదురెదురు. హడావుడిగా చెప్పిన హైపోగ్లైసీమియా, గోలగా ఉన్న వార్డులో హైపర్‌గ్లైసీమియాగా వినబడితే ఏమవుతుందో ఆలోచించండి. ఒకదానికి గ్లూకోజు ఎక్కించాలి, రెండోదానికి ఇన్సులిన్ ఇవ్వాలి. అతి, అల్ప అంటే ఈ ప్రమాదం లేదు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు "షుగరు పడిపోయింది", "షుగరు పెరిగిపోయింది" అంటారు. ప్రాణం నిలబెట్టే విషయంలో ఆ మాటల తీరు గ్రీకు కంటే మేలని నేను ధైర్యంగా చెబుతాను.

విజయవాడలో ఈ సంగతి తెలిసిన డాక్టర్లు లేకపోలేదు. ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో పటమటకి తరలించిన గోరా వృక్షశాస్త్రం చెప్పిన లెక్చరరు. ఆయన కొడుకు డాక్టర్ సమరం పత్రికల్లో పాఠకుల జబ్బులకీ సందేహాలకీ మామూలు తెలుగులో జవాబులు రాశారు. వాటిని దాచుకుని చదివిన ఆడపిల్లలు మా హాస్టల్లో ఎంతోమంది. ఇటు నోరి రామశాస్త్రిగారి పేరుమీద ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అటు సిద్ధార్థ మెడికల్ కాలేజీ ఉంది, 1986 నుంచి ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. ఒకచోట చరకుడి మాటలు, ఒకచోట గాలెన్ మాటలు, ఒక్క ఊళ్ళోనే. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చెప్పే పాఠం మాత్రం ఎక్కడా లేదు.

బోదకాలు సంగతి చెప్పకుండా డెల్టా వైద్యచరిత్ర చెప్పలేం. కాలవలు, మురుగు కోడులు, నిలవనీళ్ళు, క్యూలెక్స్ దోమలు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఆ కాలు ఈడ్చుకుంటూ నడిచేవాళ్ళు కనబడేవాళ్ళు. దాని ఇంగ్లీషు పేరు ఎలిఫెంటియాసిస్, అదీ గ్రీకే, ఏనుగు పేరు. దాన్ని తెచ్చే పురుగు పిల్లలు రక్తంలో రాత్రిపూట తిరుగుతాయి. అందుకే ఫైలేరియా శాఖ మనుషులు చీకటిపడ్డాక లాంతరు పట్టుకుని ఇంటింటికీ వచ్చి వేలు గుచ్చి గాజుపలక మీద నెత్తురు చుక్క తీసుకునేవాళ్ళు. మేం మంచాల కింద దూరేవాళ్ళం. "మైక్రో చూడాలమ్మా, చెయ్యి ఇవ్వు" అనేవాడు ఆ కాంపౌండరు. మైక్రో అంటే చిన్నదని గ్రీకు. మాకు అది ఆ మనిషి పేరు.

ఆ జబ్బుకి మాత్ర వచ్చింది మన మనిషి పర్యవేక్షణలోనే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తననీ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతిగారు ఆయుర్వేదంతో నయం చేశారు. విజ్ఞాన చంద్రికకి జీవశాస్త్రం రాసిన ఆ లక్ష్మీపతిగారే. ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావుగారు కొన్నాళ్ళు అనాటమీ చెప్పి, తరవాత అమెరికా వెళ్ళారు. ఆయన రీసెర్చి డైరెక్టరుగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలల నుంచి 1947లో హెట్రజాన్ వచ్చింది. మరుసటి ఏడే ఆయన పోయారు. ఆ మందు అసలు పేరు డైఇథైల్ కార్బమజైన్. 'డై' అంటే రెండు, మన ద్వి. చివరన ఉన్న 'అజ్' నైట్రోజన్ పాత ఫ్రెంచి పేరు అజోట్ నుంచి వచ్చింది. అజోట్‌లో ముందున్నది మళ్ళీ ఆ నిషేధార్థక 'అ', వెనక ప్రాణమనే గ్రీకు మాట. జీవం నిలపని గాలి. ఆ పేరున్న అణువే డెల్టాలో లక్షల కాళ్ళని కాపాడింది. 2004 నుంచి దేశమంతటా ఆ మాత్రల్ని ఏడాదికోసారి ఊరందరిచేతా మింగించే కార్యక్రమం నడిచింది. ఆరోగ్య కార్యకర్తలు వాటిని బోదకాలు మాత్రలనే అన్నారు. ఊరివాళ్ళు అలాగే అడిగి మింగారు.

ఇప్పుడు బైపీసీ పిల్లలు తెలుగులో చదవడం దాదాపు ఆగిపోయింది. నీట్ పరీక్ష తెలుగులో రాసే వీలున్నా రాసేది కొద్దిమందే. దాని మీద నాకు పోట్లాట లేదు. వాళ్ళు పోటీపడేది దేశంతో. నా బాధ వేరే. కోచింగు హాస్టళ్ళలో పిల్లలు పెరికార్డియం, పెరిటోనియం, పెరిఫెరల్ అనే మూడు మాటల్ని మూడు వేరు వేరు బరువులుగా మోస్తున్నారు. పరిధి, పరిసరం, పరిక్రమ అన్నవి చిన్నప్పటి నుంచీ వాళ్ళ నాలుక మీదున్నా, ఆ 'పరి'కీ ఈ 'పెరి'కీ సంబంధం ఉందని ఎవరూ వాళ్ళకి చెప్పడంలేదు. నిరుడు మా పక్కింటి అమ్మాయి, మెడికల్ సీటు వచ్చిన పిల్ల, సాయంత్రం నా దగ్గర కూర్చుంది. పెరికార్డియం అన్న మాట రెండు ముక్కలు చేసి చూపించి, కార్డియా అంటే హృదయం, రెండూ చుట్టాలే అన్నాను. "మరి ఇంతకాలం ఎందుకు బట్టీపట్టించారు ఆంటీ?" అని అడిగింది. ఆ రాత్రే తన పుస్తకం చివరి పేజీలో తనంతట తాను పట్టిక రాసుకోవడం మొదలుపెట్టింది.

2019 నుంచి ఎం.బి.బి.ఎస్. మొదట్లో ఫౌండేషన్ కోర్సు అని పెట్టారు. బయటి రాష్ట్రాల పిల్లలకి రోగుల భాష నేర్పడం కూడా అందులో ఉంది. ఆ రోజుల్లో ఒక్క పీరియడు ఉపసర్గలకి ఇస్తే చాలు. తెలుగు పిల్లలూ, హిందీ పిల్లలూ, మలయాళం పిల్లలూ అందరికీ పనికొస్తుంది, ఎందుకంటే సంస్కృత ఉపసర్గలు అందరి నోళ్ళలోనూ ఉన్నాయి. బోర్డు మీద ఎడమవైపు అనారోగ్యం, దుర్గతి, పరిధి, ఉపరితలం, ఉపనది, ప్రగతి, త్రికోణం అని రాయాలి. కుడివైపు అనీమియా, డిసెంటరీ, పెరికార్డియం, హైపర్‌టెన్షన్, హైపోథైరాయిడ్, ప్రోగ్నోసిస్, ట్రైసెప్స్ అని రాయాలి. ట్రైసెప్స్ లాటిన్ కదా అని ఒకరు లేచి అడుగుతారు. అవును, లాటిన్‌కీ త్రి ఉంది, అదీ ఈ ఇంటి బిడ్డే అని చెప్పి, అక్కడి నుంచి మిగతా వరస పిల్లల చేతే రాయించాలి.